బూడిదరంగు వైభవము

అల్పవ్యయముతో హాలును అలంకరించుకొనుట యెట్లు అను శాస్త్రమొకటి మన కాలమున పుట్టి, వేదాంగములలో చోటు లేకున్నను, వేదముకంటె ఎక్కువ శ్రద్ధతో వినబడుచున్నది. దీనికి సూత్రకారులు ఆదివారపు అనుబంధములలోను అరచేతిలోని ఫోనులోను నివసింతురు. భాష్యకారులు పెయింట్ల దుకాణములలో గల్లాపెట్టెల వెనుక కూర్చుందురు. వృత్తికారుడైన మేస్త్రీ మాత్రము నిచ్చెనమీద నిలువబడి, ముఖమంతయు పుట్టీ దుమ్ముతో భస్మధారియై, పై యిరుతెగల వారు చెప్పినదానిలో ఒక్క ముక్కయు నమ్మక, తనకు తెలిసినట్లు రోలరు దొర్లించుచుండును. లేతరంగు వేసిన చిన్నగది పెద్దదగుననియు, ఎదుటిగోడకు అద్దము తగిలించిన అది రెండింతలగుననియు, నాలుగు గోడలలో ఒక్కదానికి ముదురురంగు పూసిన ఇంటికి వ్యక్తిత్వము సిద్ధించుననియు, గదిలో 60 పాళ్లు ఒక వర్ణము, 30 పాళ్లు మరియొకటి, 10 పాళ్లు ఇంకొకటి ఉండినచో కన్నులకు శాంతి కలుగుననియు, ఇదంతయు చేసినను గృహస్థుని జేబునకు చిల్లు పడదనియు ఈ శాస్త్రము యొక్క పంచసూత్రములు. వీనిలో మొదటి నాలుగును వివాదాస్పదములు, అయిదవది శుద్ధాబద్ధము.

ఈ సూత్రములకు దృష్టాంతములుగా చూపబడు ఛాయాచిత్రములను శ్రద్ధగా పరిశీలించిన పాఠకునకు ఒక విశేషము గోచరింపక మానదు. ఆ గదులలో మనుష్యుడు ఉండడు. సోఫా ఉండును, దానిమీద అజాగ్రత్తగా పడవేసినట్లు మిక్కిలి జాగ్రత్తగా పరచిన దుప్పటి యుండును, బల్లమీద ఎవరును చదువని పెద్దపుస్తకమును, దానిపై ఎవరును త్రాగని కాఫీయు ఉండును. చెప్పులు లేవు, ఛార్జరు లేదు, దోమల బ్యాటు లేదు, ముసలమ్మ లేదు. మన విశాఖపట్టణమున గాజువాకలోనో కంచరపాలెములోనో రెండు పడకగదుల యింటి హాలు సంగతి వేరు. రాత్రి షిఫ్టు దిగివచ్చిన యజమాని పగటివేళ దివాను కాటుమీద నిద్రించునది అందులోనే. ఇంటర్మీడియట్టు చదువు కూతురు, టీవీకి వీపు త్రిప్పి, చెవులలో దూది పెట్టుకొని లెక్కలు చేయునది అందులోనే. అత్తగారి మందుల డబ్బా, ఇన్వర్టరు, మంచినీళ్ల టిన్ను, శ్రావణమాసమున ఎంతకును ఆరని బట్టల తాడు, వీథిలో దొంగలభయ మున్నచో రాత్రి పదిగంటల తరువాత మోటారుసైకిలు, సమస్తమును అందులోనే. ఇట్టి గదిలో లెక్కవేయబూనిన వానికి మొదటి 60 పాళ్లును ఆరవేసిన బట్టలే ఆక్రమించును; వాని వర్ణము దినదినమును మారును. తరువాతి 30లో సింహాద్రి అప్పన్న పటము, పెళ్లినాటి ఫొటో, పిల్లవాని పరుగుపందెపు కప్పు. తుది 10 పాళ్లును వేంకట్రామా వారి క్యాలెండరువి. దానిని తీసి ఆ చోట గీతలు మాత్రమే గల యొక నవీన చిత్రపటమును తగిలింపవలెనని కోడలు ప్రతిపాదించినపుడు, “ఏకాదశెప్పుడో ఆ బొమ్మ సెప్తాదేటమ్మా?” అని అత్తగారు అడుగు ప్రశ్నకు సూత్రకారు లెవ్వరును ఇంతవరకు సమాధానము వ్రాసినట్లు కానరాదు. ఇక అద్దము మాట. అది గదిని రెండింతలు చేయునో చేయదో గాని, పైన చెప్పిన సామగ్రినంతటిని నిశ్చయముగా రెండింతలు చేయును.

వర్ణవిషయమునకు వత్తము. గత కొన్నియేండ్లుగా ఈ శాస్త్రమునకు అధిదేవత బూడిదరంగు. షేడ్‌కార్డులలో ఆ దేవతకు పొగమంచనియు, పావురమనియు, వెండిమబ్బనియు, నదీశిలయనియు నామావళి సాగుచునే యుండును. అన్ని నామములును ఒకే డబ్బాకు చెందునని మేస్త్రీ యభిప్రాయము. ఆకాశమే సగమేడు మబ్బుపట్టియుండు శీతలదేశముల వారు ఇంటిలోపలకూడ ఆ మబ్బునే ఏల వరించిరో వారికే తెలియవలయును. కాని విశాఖపట్టణవాసి దానిని కొనుట యందు ఒక ప్రత్యేకమైన రసమున్నది. 1933లో తెరువబడిన మన ఓడరేవున బొగ్గు దిగుచుండును. బైలదిల్లా కొండలనుండి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గమున దిగివచ్చిన ఇనుపఖనిజము ఓడ కెక్కుచుండును. దిగునదియు ఎక్కునదియు తమ పాదధూళిని పాతపట్టణమునకు ప్రసాదించి పోవుననుట వన్‌టౌనులోను జ్ఞానాపురములోను పసిబిడ్డకైనను తెలిసిన విషయము. ఉదయము కడిగిన వరండా గచ్చుమీద సాయంకాలము ఉత్తకాళ్లతో నాలుగడుగులు వేసి, అరికాలు త్రిప్పి చూచుకొన్నచో, షేడ్‌కార్డుతో పనిలేదు. కిటికీ చువ్వ వెంబడి వ్రేలు రాచినపుడు అంటిన నల్లనిది బొగ్గు, ఎర్రనిది ఖనిజము. రెండును కలిసినది ఆ వీథుల వారి గోడరంగు. ఈ ధూళిని గూర్చి పెద్దలు దశాబ్దములుగా మొరపెట్టుకొనుచుండగా, వారి పుత్రరత్నములు మధురవాడలో ఫ్లాట్లు కొని, సోఫా వెనుక గోడకు అదే వన్నెను లీటరులెక్కన డబ్బిచ్చి పూయించుకొనుచున్నారు. తండ్రి జన్మమంతయు తడిగుడ్డతో తుడిచినదానిని తనయుడు వాయిదాలపై కొనుటకంటె వంశాభివృద్ధికి వేరు నిదర్శనమేల?

బూడిద నచ్చనివారికి టెర్రకోటా యను ఎరుపు విధింపబడినది. ఇదియు మనకు క్రొత్తచుట్టము కాదు. పల్లెటిండ్ల గోడల అడుగున అవ్వలు తీర్చిన జాజుపట్టె ఎరుపు ఇనుపభస్మపు టెరుపే. బైలదిల్లా ఖనిజపు టెరుపును అదియే. సముద్రపుగాలి మన కిటికీచువ్వలకు ఉచితముగా పట్టించు తుప్పు వాని దాయాది. తెలుపు కథ ఇంకను చిత్రము. నేటి పెయింటులోని తెలుపునకు ఆధారము టైటానియం డయాక్సైడు; దానికి ముడిసరుకు ఇల్మెనైటు; ఆ ఇల్మెనైటు భీమునిపట్టణపు తీరమున నల్లయిసుకలో కలిసి పడియున్నది. ఆదివారమునాడు భీమిలికి పోయి, చీర కుచ్చెళ్లకు నల్లయిసుక అంటినదని విసుగుకొని, దులుపుకొని, తిరిగివచ్చుచు దారిలో తెల్లరంగు డబ్బా కొను ఇల్లాలికి ఈ సంగతి చెప్పకుండుటయే గృహశాంతికి మంచిది.

మన అవ్వలకు ఈ శాస్త్రము తెలియదు. వారికి సంక్రాంతి తెలియును. ధనుర్మాసమున గుల్లసున్నమును తొట్టిలో పోసి నీరు కొట్టగా, అది కుతకుతలాడి పొంగి చల్లారినపిమ్మట, వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి, కుంచెతో గోడకు ఈడ్చి, అడుగున జాజు దిద్దినచో ఏడాది అలంకరణ ముగిసినది. చండీగఢ్ నగరమునకు రూపకల్పన చేసిన ల కొర్బూజియే మహాశయుడు, 1925లో వెలువడిన తన గ్రంథమున, ప్రతి పౌరుడును గోడలకు వ్రేలాడు పట్టుతెరలను, అంటించిన కాగితములను తొలగించి తెల్లని పూత పూయవలయునని శాసనఫక్కిలో వ్రాసెను; పాశ్చాత్యులు దానిని విప్లవమనిరి. శ్రీకాకుళపు అవ్వ ఆ విప్లవమును ఏటేట, ఒక్క వాక్యమైనను వ్రాయక, చెంగు నడుమునకు బిగించి సాగించెడిది. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మరల రాయిగా మారును. గోడలోని చెమ్మను బయటకు పోనిచ్చును. తన క్షారగుణముచే బూజును దరిజేరనీయదు. ఆనుకొన్న చొక్కాకు తెల్లగా అంటుట దాని దోషము. గుమాస్తాలందరును వీపులు దులుపుకొనుచు కచ్చేరీలకు పోయిన దినముల నెరిగినవాడ నగుటచే, ఆ దోషము చిన్నదని బొంకజాలను. కావున సున్నపు తొట్టిని పునఃప్రతిష్ఠింపుడని నేను కోరుట లేదు.

పాఠకులు అనుమతింతురేని, అయిదవ సూత్రమును కొంచెము తీరికగా విచారింతము. ఒక గృహస్థుడును ఇల్లాలును రాత్రి భోజనానంతరము కూర్చుండి, దీపావళి బోనసులో 20,000 రూపాయలు తీసి, హాలులో ఒక్క గోడకు నెమలికంఠపు వన్నె వేయించి, నాలుగు కుషన్ కవర్లు కొని, అంతటితో ఆపుదమని తీర్మానించుకొందురని యనుకొందము. డాబా గార్డెన్సులోని దుకాణమున యంత్రము గిరగిర తిరిగి డబ్బాలో రంగుచుక్కలు వదలును. ముదురువన్నెకు చుక్క లెక్కువ, చుక్కలకు ధర యెక్కువ యని అపుడు తెలియును. చీటీపై రెండంగుళముల మేర ముద్దుగా కనబడిన యా వన్నె, 140 చదరపుటడుగుల గోడ యైనపుడు గదిలోని వెలుతురునంతయు మ్రింగివేయగా, మరి రెండు దీపములు తగిలింపవలసివచ్చును. దీపముల వెలుగున తక్కిన గోడల పాతదనము బయటపడును. “ఒక్క గోడకేస్తే మిగతా మూడూ సిన్నబోతాయి బాబూ,” అని మేస్త్రీ తలగోకుకొనును. మూడును వేసినపిమ్మట పైకప్పు పసుపుపచ్చగా కనబడును. కప్పు తెల్లబడినపిమ్మట స్విచ్చిబోర్డులు పండ్లిగిలించును. బోర్డులు మారినపిమ్మట, పుట్టింటివా రిచ్చిన సోఫా, ఇరువదేండ్లుగా ఎవరికిని ఏ అపకారమును చేయక పడియున్న సోఫా, ఒక్కసారిగా అపరాధి యగును. కౌపీనమును ఎలుకలనుండి కాపాడుటకు పిల్లిని, పిల్లి పాలకొరకు ఆవును, ఆవు కొరకు ఇల్లాలిని తెచ్చుకొన్న సన్న్యాసి చరిత్ర మనవారందరును ఎరిగినదే. ఆ సన్న్యాసికి పి.ఎఫ్. లోను సదుపాయము లేదు, మన గృహస్థునకు కలదు. తుదకు క్రొత్త సోఫా వచ్చును. దాని వన్నె కుషన్లకు కుదురునట్లు దంపతులు జగదాంబ కూడలినుండి గాజువాకవరకు గల దుకాణములన్నియు తిరిగి ఏరితెచ్చిన యా సోఫాకు, మరునాడే, మాయకుండుటకై, పూవుల ముద్రలు గల మరియొక రంగు కవరు తొడుగబడును. లోపలి వన్నెను దర్శించు భాగ్యము ఉతుకుడు దినములలో మాత్రమే.

ఉక్కునగరము క్వార్టర్లలో ఈ బాధ లేదు. అచట కంపెనీ వేసిన రంగే రంగు, వేసిననాడే వేయుట. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న జాతి కంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారమున కొలువుచేసి, ఒకే వన్నె గోడలనడుమ పిల్లలను పెంచి, చదివించి, పెండ్లిండ్లు చేసినవారు, పదవీవిరమణానంతరము కూర్మన్నపాలెమున ఇల్లు కట్టుకొనగానే గదికొక వర్ణము వేయింతురు. చూడవచ్చిన పాత సహోద్యోగి అది ఏమి రంగని అడుగడు, ఎంతయినదని అడుగును.

అలంకారసామగ్రి మాట సంక్షేపముగా చెప్పి విడిచెదను. గోడకు ఇనుపరేకుల చిత్రములు తగిలింపుడని సూత్రము; సముద్రపుగాలి ఉక్కుపట్టణమున ఉక్కునే విడువదు. ప్లాస్టిక్కు మొక్కలు పెట్టుడని మరియొక సూత్రము. వానికి నీరు పోయనక్కరలేదుగాని, ఈ ధూళిలో వారమున కొకసారి తలంటిపోయవలయును. వరాహనదీతీరమున ఏటికొప్పాకలో అంకుడుకర్రను త్రిప్పి, ఆకులనుండియు గింజలనుండియు తీసిన రంగులను లక్కతో పట్టించి చేయు బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. వాని నునుపును వ్రేళ్లతో తాకి చూచినవారికి తెలియును, ఆ పసుపువంటి పసుపును ఏ యంత్రమును చుక్కలుగా వదలజాలదని. అట్టి బొమ్మను మనము షోకేసులో పెట్టి తాళము వేసి, బల్లనడుమ పెట్టుటకు మాత్రము ఆన్‌లైనులో స్వీడను దేశపు కర్రగుఱ్ఱమును తెప్పించుకొందుము.

ఎవరెన్ని చెప్పినను ఈ పట్టణమున తుదితీర్పు నైరృతి ఋతుపవనముది. అప్పన్నస్వామి ఏడాది పొడవునను చందనపు పూతలో నుండి అక్షయతృతీయనాడు మాత్రమే నిజరూపదర్శన మిచ్చును; మన ఎమల్షను గోడలు ప్రతి ఆషాఢమునను ఇచ్చును. డాబా పగులున దూరిన నీరు గోడలోనికి దిగి, పైపూత దారి యీయకపోవుటచే బొబ్బయై లేచును. బొబ్బను వ్రేలితో నొక్కిన పుట్టీ పొడియై రాలును. రాలినచోట తెల్లని ఉప్పు పూచును. ఆ తెలుపు లేతగోడపై దాగినను దాగవచ్చును. వ్యక్తిత్వము గల ముదురుగోడపై వీథిలోనికి కనబడును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో కిటికీ అద్దములు పగులగొట్టుకొని ఇండ్లలో ప్రవేశించిననాడు, కర్టెన్లకును కుషన్లకును పొత్తు కుదిరినదా యని విచారింపలేదు.

కావున హాలునకు రంగు వేయింపదలచిన విశాఖవాసులకు నా మనవి యిది. చేతనున్న సొమ్ములో మొదటి భాగమును డాబా పగుళ్లు పూడ్పించుటకును, రెండవ భాగమును కిటికీచువ్వల తుప్పు గీకించి రెడ్ ఆక్సైడు కొట్టించుటకును వెచ్చింపుడు. ఒక వానకాలము గోడ పొడిగా నిలిచినపిమ్మట, పిల్లల చేతిముద్రలు తడిగుడ్డకు వదలు పెయింటు ఏదియో అడిగి, ఇంటిలో ముగ్గురు ఒప్పుకొన్న లేతరంగును నాలుగు గోడలకును వేయింపుడు. డాబా పని మాత్రము జ్యేష్ఠము దాటనీయకుడు. ఆషాఢమున సిమెంటు ఆరదు, మేస్త్రీ దొరకడు.