చి॥ మేనల్లుడికి మేనమామ వ్రాయునది

తార్నాక ఇఫ్లూలో ఫ్రెంచి సాహిత్యం, సినిమా చదవడానికి సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. సంతోషంతోనో బెంగతోనో నేను అడగలేదు. 1958లో ఇంగ్లీషు కోసం పెట్టి 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం చేసిన చోటు అది. గురజాలలో అంత వివరం ఎవరికీ చెప్పకు. ఉద్యోగమేంటంటే 'ఎంబసీ' అను. సగం మందికి ఎంఎన్‌సీ అని వినపడుతుంది. దిద్దకు.

ముందు భాష సంగతి. మాట చివర హల్లు రాస్తారు గానీ చాలాసార్లు పలకరు. నువ్వు మొహమాటపడకుండా అన్నీ పలుకు, ఫీజు కట్టింది అన్ని అక్షరాలకీ. మీ సారు 'పారీ' అంటే నువ్వు 'పారిసు' అను, మాట చివర అచ్చు లేకపోతే మనకి తోచదు. వాళ్ళ 'ర' గొంతులో గరగరమనాలి. మిరప కల్లంలో తాలుకాయలు ఏరేచోట పావుగంట నిలబడితే అదే వస్తుంది. తొంభైకి వాళ్ళకి విడిగా మాట లేదు, నాలుగిరవైల పది అంటారు. పిడకల్ని పుంజీల్లో లెక్కపెట్టిన మీ అమ్మమ్మ బతికుంటే నీకు ట్యూషన్ చెప్పేది.

కామ్యూ రాసిన 'లెత్రాంజే' 1942లో అచ్చయింది. తెలుగులో అపరిచితుడు అనుకో, విక్రమ్ ఉండడు. మెర్సో అనేవాడు తల్లి శవం పక్కన కాఫీ తాగుతాడు, సిగరెట్టు కాలుస్తాడు, అంత్యక్రియల మర్నాడే ఆడపిల్లతో సినిమాకెళ్తాడు. తర్వాత ఒకణ్ణి కాల్చి చంపుతాడు. ఎందుకయ్యా అని కోర్టులో అడిగితే ఎండవల్ల అంటాడు. నువ్వు ఇక్కడే పట్టుకోవాలి. ఎండకే మనుషుల్ని కాల్చేట్టయితే మే నెలాఖరుకి రెంటచింతలలో సాక్ష్యం చెప్పడానిక్కూడా ఒకడు మిగలడు. మరణశిక్ష వెయ్యడానికి వాళ్ళు హత్యకంటే ఎక్కువగా చూసింది తల్లి దగ్గర ఏడవకపోవడాన్ని. దీన్ని అసంబద్ధత అని మీ సారు మూడు వారాలు చెప్తాడు. వినకు. ఎవరు గుండెలు బాదుకున్నారో, ఏ కోడలి కన్ను తడవలేదో మన ఊళ్ళో చిన్నదినం లోపే అరుగు మీద తేలిపోతుంది. ప్లీడరు ఖర్చు కూడా ఉండదు. కనక జవాబు ఒకటే వాక్యం: ముద్దాయిదే తప్పు. ఇంటర్లో ఒక్క ముక్క రాకుండానే సంస్కృతంలో 97 తెచ్చుకున్నవాడివి, నీకు వాక్యం ఎక్కువే.

బెకెట్ నాటకం అసలు కొనకు. 1953లో పారిస్‌లో మొదటిసారి ఆడారు. ఇద్దరు చెట్టు దగ్గర గొదో అనే ఆయన కోసం ఎదురుచూస్తారు. ఆయన రాడు, రేపొస్తాడని కుర్రాడొచ్చి కబురు చెప్తాడు. వరికపూడిశెల ఎత్తిపోతల గురించి వెల్దుర్తి వైపు పెద్దవాళ్ళని అడుగు, ఇదే కథ శంకుస్థాపనలతో సహా చెప్తారు.

సినిమాలు ఫోన్లో రెండింతల వేగంతో చూడు. గొదార్ 1960లోనే షాటు నడుమ ముక్కలు కోసి పారేశాడు, మిగిలింది నువ్వు కొయ్యి. దానికి జంప్‌కట్ అని బిరుదొకటి. మా చిన్నప్పుడు టూరింగ్ టాకీసు ఆపరేటరు రెండో ఆటలో రెండు పాటలు ఎత్తేసి తొందరగా ఇంటికెళ్ళేవాడు. అతని మీద పాఠం ఎవడూ పెట్టలేదు.

త్రూఫో 1959లో తీసినదాని పేరు 'నాలుగు వందల దెబ్బలు'. కూర్చుని లెక్కపెట్టు, తగ్గితే పరీక్షలో ఎత్తిచూపు. ఆ మాటకి ఆకతాయితనమని అర్థమట, సాకు! చివర్లో పిల్లాడు సముద్రందాకా పరిగెత్తి మనవైపు తిరగ్గానే బొమ్మ ఆగిపోతుంది. కరెంటు పోయిందని కేకెయ్యి, క్లాసంతా నిన్ను గుర్తుపెట్టుకుంటుంది. ఆ పిల్లాడే బడి ఎగ్గొట్టి, అమ్మ చచ్చిపోయిందని సారుకి అబద్ధం చెప్తాడు. అటెండెన్సు తగ్గితే వాడుకో. కాకపోతే అమ్మమ్మ అను, అది నిజమే కదా.

ఆఖరి మాట. మెర్సో ఎందుకు ఏడవలేదని పేపర్లో అడిగితే చూసిందీ విన్నదీ రాయొద్దు. మా అమ్మ పోయిననాడు నాకు ఏడుపు రాలేదని, పాడె లేచేదాకా షామియానావాడితో కుర్చీకి రూపాయి దగ్గర బేరమాడుతూ నిలబడ్డానని నీకు తెలుసు, నా పక్కనే ఉన్నావు. అది సిలబస్‌లో లేదు.