ఒక బాలవాక్యమునకు టీకాతాత్పర్యములు

మెదకు సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసకావ్యములకు వ్యాఖ్య రచింపబూని, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని పలుకననియు ప్రతిన పూనెను. అంతటి ప్రతినకు ధైర్యము చాలకున్నను, న్యూజెర్సీలోని ఎడిసన్ మొదలుకొని టెక్సాసులోని ఫ్రిస్కో వఱకు గల తెలుగు గృహములలో సాయంకాలవేళల తఱచుగా వినవచ్చుచు, ఇంతవఱకు ఏ వ్యాఖ్యాతయు చేయి వేయని ఒక సూత్రమునకు టీక వ్రాయుటకై మేము సాహసించుచున్నాము.

మూలము: ఇంకా చాలా టైముందమ్మా, రేపు చేస్తా.

సందర్భము. ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలునకు పంతులమ్మగారు రెండు పుటల వ్యాసమొకటి వ్రాయుమని చెప్పి, రెండు వారములు గడువొసగి, శుక్రవారము రాత్రి 11 గంటల 59 నిమిషములకు ముందు కంప్యూటరులో సమర్పింపవలెనని ఆజ్ఞాపించినది. వంటయింటినుండి తల్లి “ఎస్సే ఎంతవరకు వచ్చింది, నాన్నా?” అని యడుగగా బాలుడు ఫోనునుండి తలయెత్తకయే ఈ వాక్యమును పలికెను. ఫ్రిస్కో ప్రతులలో “ఐ గాట్ దిస్, మామ్” అను పాఠాంతరము కనబడుచున్నది గాని, అందు కాలప్రసక్తియే లేదు గనుక దానిని ప్రక్షిప్తముగా నెంచి విడిచితిమి.

“ఇంకా” అనునది అవ్యయము. గడువునకు పదునాలుగు దినములున్నప్పుడును, పదునాలుగు గంటలున్నప్పుడును ఏమాత్రము వ్యయము నొందక ఒక్క తీరున నిలుచు పదమునకు ఈ వ్యాకరణసంజ్ఞ యెంతయు తగియున్నది.

“చాలా” అను పదముకడ వ్యాఖ్యాత కొంత తడవు నిలువవలసియున్నది. దీని పరిమాణమెంత? బాలుని అంచనా బాల్యదోషమని పెద్దలు తలంతురు గాని, ఇది మనుష్యసామాన్యమైన భ్రాంతియని 1979లో కానెమన్, ట్వెర్‌స్కీ పండితులు ప్రతిపాదించి దానికొక పేరును పెట్టిరి. పిదప 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనువారు సిద్ధాంతవ్యాసములు వ్రాయుచున్న విశ్వవిద్యాలయ విద్యార్థులను ఎన్ని దినములలో ముగింతురని యడుగగా, వారు చెప్పినదాని సగటు 33.9 దినములు, తీరా పట్టినవి 55.5 దినములు. అంతకంటె చోద్యమేమనగా, ప్రతి పనియు అడ్డము తిరిగినచో నెన్నాళ్లు పట్టునని ప్రత్యేకించి యడిగినప్పుడును వారు చెప్పినది 48.6 దినములే, అనగా మానవుని నైరాశ్యమునకు సైతము ఒక వారము కొఱత పడినది. ఇంక పదమూడేండ్ల బాలుని ఆశావాదమును తప్పుపట్టుట ఎట్లు?

“టైము”. బాలుడు దీనిని గోడమీది క్యాలెండరునుండి గ్రహించెను గాని, అందులో శనివారపు కూచిపూడి తరగతికి చెల్లెలిని దింపివచ్చుటయు, ఆదివారపు మనబడియు, మధ్యలో నెవరిదో పుట్టినరోజు విందును మినహాయింపలేదు. గడువు మార్చి నెలలో పడెనా, రెండవ ఆదివారమున ప్రభుత్వమువారే ఒక గంటను హరింతురు. “ఉంది” అనుట సత్యమే. దానిని గూర్చి వివాదము లేదు.

“రేపు” అను పదము సాగుగుణము కలది. ఈ బాలుని అక్కయే దీనికి నిదర్శనము. కళాశాలల ప్రవేశమునకు కామన్ యాప్ వారు కోరు స్వవిషయవ్యాసము 650 మాటలకు మించరాదు. దరఖాస్తు ఆగస్టు 1న తెఱచుకొనును. ముందుగా నిర్ణయము కోరువారికి పెక్కు కళాశాలలలో గడువు నవంబరు 1. ఆ మూడు నెలల “రేపు” హాలోవీన్ రాత్రి, వీథిలోని పిల్లలు చాక్లెట్లకై తలుపు తట్టుచుండగా, “నేడు”గా పరిణమించెను.

ఇక అన్వయము. అమ్మా, ఇంకా చాలా టైము ఉన్నది, (కనుక) రేపు చేసెదను. కుండలీకరణములలోనిది అధ్యాహారము, బాలుడు దానిని పలుకలేదు. వాక్యములోని దోషమంతయు పలుకబడని ఈ “కనుక”లోనే దాగియున్నది.

ఇచ్చట తండ్రి పూర్వపక్షము: “రెండు పుటలకు రెండు వారములా? పదవ తరగతి పరీక్షలో మేము మూడు గంటలలో అడిషనల్ షీట్లు అడిగి తెచ్చుకొని దారముతో కట్టియిచ్చినవారము!” ఇది వినుటకు గంభీరముగ నున్నను నిలువదు. ఆ పరీక్షలో వ్యాసము గైడునుండి కంఠమునకును, కంఠమునుండి కాగితమునకును ప్రయాణించినదే కాని అక్కడ పుట్టలేదు, చేతివేగమొక్కటే తండ్రిది. కాలమును కొలిచినది వార్నింగు బెల్లు. ముగించినది కాగితము లాగుకొన్న ఇన్విజిలేటరు. ఇచ్చట బాలుడు తానే యొక అభిప్రాయమును కల్పించుకొని, దానికి ఆధారములు వెదకి, రఫ్ డ్రాఫ్టు వ్రాసి, తోటివానిచే చదివించి, తిరిగి వ్రాయవలెను. బెల్లు కొట్టువాడు లేడు. టైపు చేయుటకు రెండు గంటలు చాలునన్నమాట నిజమే. తక్కిన దినములు డ్రాఫ్టు ఊరుటకు. ఆవకాయ కలిపిననాడే జాడీని బల్లమీదికి తేము. మూడవనాడు మూత తీసి తిరుగగలిపినప్పుడు గదా ఉప్పెంత తక్కువైనదో తెలియును. కావున సరియైన అన్వయమిది: ఇంకా చాలా టైమున్నది, కనుక నేడే మొదలిడెదను. వ్యవధి చాలక తొందరపడువాడు కాదు, వ్యవధి కలవాడే మొదటి దినమున కూర్చుండవలసినవాడు.

అయినచో ఈ నియమమును బాలునికే విడుచుటా? 2002లో ఏరియలీ, వెర్టెన్‌బ్రోఖ్ అనువారు ఎం.ఐ.టి.లో ఉద్యోగములు చేయుచు చదువుకొనుచున్న పెద్దలకు మూడు వ్యాసములు విధించి, ఒక తరగతివారిని తమ గడువులను తామే నిర్ణయించుకొనుమనిరి. రెండవ తరగతికి సమానమైన ఎడములతో గడువులు తామే విధించిరి. మెఱుగైన మార్కులు ఈ రెండవవారికే వచ్చినవి. కాబట్టి మంగళవారమునకు మొదటి పేరా, ఆదివారమునకు డ్రాఫ్టు అని రిఫ్రిజిరేటరుమీద చీటి అంటించు తల్లి నిరంకుశురాలు కాదు. “నీకే తెలియాలి” అని ఊరకుండు ఉదారులకంటె ఆమెయే మాకు నచ్చినది.

మిగిలినది “అమ్మా” అను సంబోధన. తండ్రి యెదుటనే సోఫాలో కూర్చుండియున్నను అతనిని పిలువకపోవుట బాలుని అనాదరము కాదు, ఔచిత్యము. ఏటేట ఏప్రిల్ 15 సమీపింపగా ఆ తండ్రి ఫారం 4868 దాఖలు చేసి, పన్ను పత్రములకు అక్టోబరు 15 వఱకు గడువు తెచ్చుకొనును. పత్రములకే గాని, చెల్లింపునకు ఆ పొడిగింపు వర్తింపదని తల్లి గుర్తుచేయగా అతడిచ్చు సమాధానము, “అమ్మా” అనుటకు మాఱుగా “ఏమోయ్” అనుట తక్క, అక్షరాల మూలవాక్యమే.