అన్న పోలిక

నేనొక పసుపుపచ్చ బిళ్ళను. నాలో అసలు మందు ఏడున్నర మిల్లీగ్రాములే. మిగతాదంతా లాక్టోజ్, మొక్కజొన్న పిండి, అచ్చుకు అంటుకోకుండా ఊడిరావడానికి కాస్త మెగ్నీషియం స్టియరేట్. చీటీ మీద నా పేరు మెథోట్రెక్సేట్. దానికి నోరు తిరగక పాలకొల్లులోని ఈ ఇంట్లో నన్ను ‘శనివారం బిళ్ళ’ అంటారు. నాకా పిలుపే ఇష్టం. అసలు పేరులో లేని జాగ్రత్త అందులో ఉంది.

నా కథ చెప్పాలంటే మా అన్నతో మొదలుపెట్టాలి. అన్న పేరు ఫోలిక్ యాసిడ్. ఆకుకూరల్లోనూ పప్పుల్లోనూ దొరికే విటమిన్ కుటుంబం వాడిది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో మిల్లు కూలీలైన గర్భిణుల రక్తహీనత గురించి పరిశోధించింది. ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్లకు రక్తం పడుతోందని గమనించింది. ఆ సారంలో ఉన్నది మా అన్న బలగమేనని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. చివరికి 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల వాళ్లు అన్నను కృత్రిమంగా తయారుచేశారు. అక్కడ పరిశోధనలకు పెద్ద, 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఖద్దరు కట్టినందుకు మద్రాసు వైద్య కళాశాలలో ప్రొఫెసరు కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్న మనిషి. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన తోబుట్టువుల్ని పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బు తెచ్చే రక్తహీనతకు మా అన్న మందయ్యాడు.

నా పుట్టుకకు కారణం మాత్రం బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ పడ్డ అనుమానం. రక్త కాన్సర్ వచ్చిన పిల్లలకు అన్న జాతి మందులు ఇచ్చి చూస్తే, తగ్గడం అటుంచి జబ్బు మరింత రెచ్చిపోతున్నట్టు ఆయనకు తోచింది. అలాగైతే అన్నలాగే కనబడుతూ అన్న పని చేయనివాడొకడు కావాలి కదా! సుబ్బారావు బృందం అలాంటివాళ్లను ఒకరి తర్వాత ఒకరిని తయారుచేసి పంపింది. నాకంటే ముందు పుట్టిన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ 16 మంది పిల్లలకిచ్చాడు. 10 మందికి మెరుగు కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ మెరుగు కొన్నాళ్ల ముచ్చటే. అయినా అంతవరకు ఆ జబ్బుకు ఆపాటి ఊరట కూడా ఎరగరు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు. 1953లో నాకు అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. ఆయన అది చూడలేదు. 1956లో నేను గర్భసంచిలో పుట్టే కోరియోకార్సినోమా అనే కాన్సర్‌ను పూర్తిగా పోగొట్టగలనని తేలినప్పుడూ ఆయన లేరు.

అన్నకూ నాకూ తేడా ఎంతని అడుగుతారేమో. అణువులో ఒక మూల ఆక్సిజన్ ఉండాల్సిన చోట నాకు నైట్రోజన్ గుంపు ఉంటుంది, ఇంకోచోట చిన్న మిథైల్ గుంపు తగిలి ఉంటుంది. అంతే తేడా. రంగు కూడా ఒకటే. మా ఇద్దరి అణువుల్లోనూ ఉన్న టెరిడిన్ చట్రమే కొన్ని సీతాకోకచిలుకల రెక్కలకు పసుపు తెచ్చేది. కణం లోపల ఫోలేటును పనికొచ్చే రూపానికి తెచ్చే ఎంజైము ఒకటుంది. అది నన్ను చూసి మావాడే అనుకుని పట్టుకుంటుంది. దాని అసలు సరుకు కంటే వెయ్యి రెట్లు గట్టిగా పట్టుకుంటుంది, ఇక వదలదు. పనికొచ్చే ఫోలేటు లేనిదే కణం కొత్త డి.ఎన్.ఎ. తయారుచేసుకోలేదు, చీలి రెండు కాలేదు. కాన్సర్ కణానికి అది చావుదెబ్బ. కానీ ఒంట్లో తొందరగా చీలే కణాలు ఇంకా ఉన్నాయి: ఎముక మజ్జలో రక్తం తయారుచేసేవి, నోటి లోపలి పొరవి, జుట్టు కుదుళ్లవి, కడుపులో పెరిగే బిడ్డవి. వీళ్లు మంచివాళ్లు, వాళ్లు చెడ్డవాళ్లు అని చూసి మసలుకునే తెలివి నాకు లేదు.

కాన్సర్‌కు నన్ను ఒక్కోసారి గ్రాముల్లో ఎక్కిస్తారు. అది ఆసుపత్రి మంచం మీద, సెలైన్లు పెట్టి, రక్తంలో నా మోతాదు కొలుస్తూ చేసే పని. ఈ ఇంటికి నేను వచ్చింది కీళ్లవాతం కోసం. రుమటాయిడ్ అంటారే, సొంత రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడి కొరికే జబ్బు. దానికి వారానికి ఏడున్నర నుంచి ఇరవై అయిదు మిల్లీగ్రాముల లోపు చాలునని 1980లలో పరీక్షించి తేల్చారు. వారానికి ఒక్కసారే ఎందుకంటే, నేను రక్తంలోంచి ఒకటి రెండు రోజుల్లో మూత్రపిండాల గుండా వెళ్లిపోయినా, కణాల్లోకి దూరిన నా వంతు తోక పెంచుకుని వారాల తరబడి అక్కడే కూర్చుంటుంది. నడుమ ఉన్న ఆరు రోజులూ మజ్జ తేరుకోవడానికి. ఆ ఆరు రోజులు ఇవ్వకపోతే మొదట నోరు పొక్కుతుంది, తర్వాత తెల్లకణాలు పడిపోతాయి, జ్వరం వస్తుంది. తెలుసుకునేలోపు ప్రాణం మీదికి రావచ్చు. నన్ను రోజూ మింగి చనిపోయినవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది చీటీలో ఉన్నదే మింగారు, లేదా కవరు మీద ఎవరో రాసిచ్చిందే మింగారు. మందుల షాపు కుర్రాడికి ప్రతి కవరు మీదా 1-0-0, అంటే రోజూ పొద్దున ఒకటి, అని కొట్టడం చేతికి అలవాటు. నా విషయంలో ఆ మూడు అంకెలకు మించిన ప్రమాదం లేదు.

ఈ ఇంటి పెద్దావిడకు ఆ ప్రమాదం లేకుండా చేసింది వెంకన్న మొక్కే. మొదటిరోజు డాక్టరుగారు వారంలో ఒకరోజు చెప్పమంటే, “శనివారం ఒక్కపొద్దు ఉంటానండీ, ఆ రోజయితే మర్చిపోను” అన్నదావిడ. “అయితే శనివారం రాత్రి ఫలహారం తిన్నాక వేసుకోండమ్మా. ఎప్పుడైనా మర్చిపోతే మర్నాడు రెండు కలిపి మాత్రం మింగొద్దు, నాకు ఫోన్ చేయండి” అని ఆయన చీటీ మీద ‘శనివారం మాత్రమే’ అని తెలుగులో రాసి కింద గీత గీశాడు. మర్నాడు ఆదివారం మా అన్నను వేసుకోమన్నాడు. నేను చేసే చెరుపులో కొంత సర్దిపెట్టడం వాడి పని. నోటిపూత, వికారం తగ్గుతాయి.

మొదటి నెలన్నర ఆవిడ నన్ను తిట్టింది. నొప్పి తగ్గలేదు మరి. నాకు ఆరు వారాలైనా, ఒక్కోసారి పన్నెండు వారాలైనా పడుతుంది. నొప్పిబిళ్ళ గంటలో చూపించే గుణం నాకు లేదు. ఈ లోపు రక్తపరీక్షలకు డబ్బు దండగని ఆవిడ గొణిగితే కొడుకే తీసుకెళ్లాడు. తెల్లకణాలు, కాలేయం, మూత్రపిండాలు చూడాలి. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, కుదుటపడ్డాక రెండు మూడు నెలలకోసారి. మూత్రపిండాలు సరిగా లేకపోతే నేను బయటికి పోలేను, లోపలే పేరుకుపోతాను. ఒకసారి మూత్రంలో మంట అని పక్కింటాయన సెప్ట్రాన్ బిళ్ళ ఇవ్వబోయాడు. అందులోని ట్రైమెథోప్రిమ్ కూడా నా దారినే పోయే మనిషి. మేమిద్దరం కలిస్తే మజ్జ తట్టుకోలేదు. ఏ కొత్త మందుకైనా ముందు నా పేరు చెప్పమని డాక్టరు అన్న మాట ఆవిడకు గుర్తుండబట్టి ఆ రోజు గండం గడిచింది.

అసలు గండం ఇంట్లోనే వచ్చింది. కోడలికి మూడో నెల. ఆ అమ్మాయికీ మా అన్నను రాశారు, రోజుకొకటి. కడుపులో బిడ్డ వెన్నెముక సవ్యంగా ఏర్పడాలంటే అన్న కావాలి. ఆ పని మొదటి వారాల్లోనే జరుగుతుంది కాబట్టి గర్భం రాకముందు నుంచే వేసుకుంటే మంచిది. నేను అదే బిడ్డకు యముణ్ణి. గర్భం కోరుకునే ఆడవాళ్లు నెలల ముందే డాక్టరుతో మాట్లాడి నన్ను మానాలి. అలాంటి మేమిద్దరం ఒకే స్టీలు డబ్బాలో ఉన్నాం. పైగా నెలకు నాలుగే కావాలని షాపువాడు నా షీటును కత్తెరతో కోసి ఇచ్చాడు. పేరూ గడువు తేదీ ఉన్న ముక్క వాడి దగ్గరే ఉండిపోయింది. వెండిరేకు మీద ఒక్క అక్షరం లేకుండా నేనొచ్చాను. అన్నదీ కోసిన ముక్కే.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి డబ్బా తెరిచి నన్ను చేతిలోకి తీసుకుంది. రేకు చించబోతూ ఆగింది. “అత్తయ్యా, ఈ రెండు పసుపు బిళ్ళల్లో నాది ఏది?”

“చిన్నదేమోనే అమ్మాయ్.”

“రెండూ చిన్నవే కదండీ.”

ఆ అమ్మాయి రెంటినీ అక్కడే పెట్టి, చెప్పులేసుకుని షాపుకెళ్లి మొత్తం షీటు కొనుక్కొచ్చింది. తక్కువ ఖర్చే. నా నాలుగింటి కోసం కూడా షాపువాణ్ణి నిలదీసి పేరున్న షీటు తెచ్చింది. ఆనాటి నుంచి నేను బీరువాలో వేరే డబ్బాలో, పెద్దావిడ నగల పక్కన ఉంటున్నాను. ఆ అమ్మాయి నన్ను ముట్టుకోదు, భర్తను తీసిమ్మంటుంది. అలా చేయడమే సరైనది. గర్భిణులు నన్ను విరవడం, పొడి చేయడం అసలే కూడదు. షీటు కోయించుకునే అలవాటు మీద నాకు గౌరవం లేదు. డబ్బు లేక కోయించుకునేవాళ్ల మీద కోపమూ లేదు. కోసేటప్పుడు పేరున్న ముక్క అడిగి తీసుకుంటే చాలు.

పొరపాటున ఎవరైనా నన్ను రోజూ మింగేస్తే ఏం చేస్తారని కొడుకు ఒకసారి డాక్టరును అడిగాడు. మా పినతండ్రి కొడుకు ఒకడున్నాడు, ఫోలినిక్ యాసిడ్. నేను మూసేసిన ఎంజైముతో పని లేకుండా పక్కదారిన కణంలోకి ఫోలేటు అందిస్తాడు. ఎంత తొందరగా ఆసుపత్రికి చేరితే వాడు అంత పనికొస్తాడు. జ్వరం, నోటిపూత, పొడిదగ్గు, ఆయాసం, కారణం లేకుండా కమిలిన మచ్చలు – వీటిలో ఏది కనబడ్డా తర్వాతి శనివారం దాకా చూడకుండా, నన్ను ఆపి ఆ రోజే వెళ్లమన్నారు.

ఈ రోజు శనివారం. పెద్దావిడ ఉప్మా తిని చేయి కడుక్కుంది. ఇప్పుడు వేళ్లు చక్కగా ముడుస్తోంది, కొళాయి తనే తిప్పుకుంటోంది. కొడుకు బీరువా తెరిచాడు. షీటులో నా వంతు వచ్చింది, రేకు చిరుగుతోంది. రేపు టిఫిన్ అయ్యాక అన్న వస్తాడు.