హార్లిక్స్ సీసాలో మనీ ప్లాంటు: టీకా తాత్పర్యం

మూలం: “హాల్లో ఓ మనీ ప్లాంటు పెట్టమ్మా, గాలంతా శుభ్రపడుతుంది.”

అవతారిక: చెన్నై పురసవాక్కం అపార్టుమెంట్లలో నోటినోటా తిరిగే మాట ఇది. వక్త పై అంతస్తు అత్తయ్యగారు. శ్రోత కొత్తగా కాపురం పెట్టిన పిల్ల. ఇక్కడి గంగాధరేశ్వరాలయానికి మోదుగ స్థలవృక్షం కనుక చెట్టు మీద భక్తి ఈ పేటకు కొత్త కాదని గ్రహించేది.

టీక: హాల్లో = సోఫా, టీవీ, చెప్పుల స్టాండు, ఇస్త్రీకి వేయాల్సిన బట్టల మూట పోగా మిగిలిన జాగాలో; ఓ = ఒకే ఒక్క; మనీ ప్లాంటు = పక్కింట్లో అడక్కుండా తుంచి తెచ్చి (అలా తెస్తేనే కలిసొస్తుందట), పాత హార్లిక్స్ సీసా నీళ్లలో వేసిన తీగను; గాలంతా = ఊదుబత్తి, తాలింపు, దోమల కాయిల్ పొగలు మూడూ కలిసినది; శుభ్రపడుతుంది = ఈ క్రియ దగ్గరే వ్యాఖ్యాతలకు చిక్కు.

వ్యాఖ్య: ఈ మాటకు ఆధారం 1989 నాటి నాసా నివేదిక. మిసిసిపీలోని స్టెన్నిస్ కేంద్రంలో వొల్వర్టన్ బృందం గాలి చొరబడని పెట్టెల్లో మొక్కలు పెట్టి బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి విషవాయువులు వదిలింది. అవి తగ్గాయి. పరీక్షకు నిలిచిన మొక్కల్లో మన మనీ ప్లాంటూ ఉంది. అయితే ఆ ఘనతలో పెద్ద వాటా వేళ్ల చుట్టూ మట్టిలో ఉండే సూక్ష్మజీవులదని తేలింది. సీసాలో మట్టే లేదాయె!

పూర్వపక్షం: నాసా అంతటిది చెప్పాక ఇంకా సందేహమేమిటి? సమాధానం: ఇల్లు మూసిన పెట్టె కాదు. కిటికీల్లోంచి, తలుపు సందుల్లోంచి గాలి వస్తూ పోతూనే ఉంటుంది. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కమింగ్స్, వేరింగ్ 2019లో పాత ప్రయోగాలను తిరగేసి లెక్క కట్టారు. ఆ మామూలు రాకపోకలు చేసే పనికి సాటి రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలి. అంటే పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గదికి తక్కువలో తక్కువ 93. ఇక ఇంట్లోవాళ్లు మెట్ల మీద పడుకోవాలి.

ఇంతకన్నా పెద్ద దోషం మరొకటుంది. కదలని నీళ్ల సీసా డెంగీ మోసే ఏడిస్ దోమకు పురిటిల్లు. కార్పొరేషన్ తనిఖీవాళ్లు ఇలాంటి సీసాల్లోకి, కుండీల కింది పళ్లేల్లోకి తొంగిచూసేది అందుకే. దోమ కుడుతోందని కాయిల్ ముట్టిస్తారు. ఒక్క కాయిల్ పొగలోని సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ఒక అధ్యయనం తేల్చింది. పొగ కమ్ముకుందని మళ్లీ మొక్క తెస్తారు. తర్కశాస్త్రంలో దీన్ని చక్రకదోషం అంటారు.

మరి మొక్క వృథాయేనా? కాదు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లోని శస్త్రచికిత్స రోగులు, గోడ మాత్రమే కనిపించే గదుల్లోవాళ్లకన్నా కాస్త ముందుగా ఇంటికి వెళ్లారని పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో చూపాడు. పచ్చదనం పనిచేసేది మనసు మీద. గాలి పని కిటికీది.

తాత్పర్యం: మొక్క ఉండనీయండి, కిటికీ తెరవండి, కాయిల్ మానండి. ఏడిస్ గుడ్డు దోమై ఎగరడానికి 8 నుంచి 10 రోజులు చాలు కాబట్టి సీసా నీళ్లు వారానికోసారి పారబోయండి. పారబోసి ఊరుకోకుండా లోపలి అంచును పీచుతో రుద్ది కడగండి. అక్కడ అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి చావవు.