రామెన్ చల్లార్చు విధానము

రామెన్ వండటం జపాన్‌వాళ్ల పని. దాన్ని ఫొటో తీసి, పంచి, చల్లార్చి, చివరికి ఎవరికీ దక్కకుండా చేయడం మన బ్యాచ్ పని. చైతన్యపురి నుంచి జూబ్లీహిల్స్‌లోని రామెన్ హోటల్‌కి ఐదుగురు బయల్దేరుతున్నారనుకుని పద్ధతి చెబుతున్నాం.

1. కడుపు సిద్ధం చేసుకోవడం

మెట్రో స్టేషన్ కింద కలవగానే రైలెక్కొద్దు. ‘అది సూపేరా, కడుపు నిండదు’ అని ఒకడు అంటాడు. తలా ఒక ప్లేటు మిర్చి బజ్జీ లాగించండి. 2018 సెప్టెంబర్ 24న ఎల్బీనగర్–అమీర్‌పేట మెట్రో మొదలయ్యాక జూబ్లీహిల్స్ మనకు దగ్గరైంది. అమీర్‌పేటలో రైలు మారాలి, అంతే. అక్కడ ఇద్దరు పొరపాటున నాగోలు రైలెక్కితే మరీ మంచిది, ఆకలి ఇంకాస్త చస్తుంది.

2. నిపుణుణ్ని ఎన్నుకోవడం

పోటీలో ముగ్గురుంటారు. ‘నరుటో’ చూసినవాడు, అందులో హీరో రోజూ తినేది ఇదేనని సాధికారంగా చెబుతాడు. కొరియన్ సీరియళ్లు చూసేవాడు ఇది కొరియాదేనని వాదిస్తాడు. మూడోవాడు హాస్టల్ గదిలో వార్డెన్‌కు తెలియకుండా కెటిల్‌లో టాప్ రామెన్ ఉడికించినవాడు. ఓటు వీడికే వేయండి. ఒసాకా దగ్గర ఇకెదలో వీడి ఆదిగురువు మొమొఫుకు ఆండో ఇంటి వెనుక షెడ్డులో తంటాలు పడి, నూడుల్స్‌ని నూనెలో వేయించి తేమ పోగొట్టే కిటుకు కనిపెట్టి, 1958లో ప్యాకెట్ రామెన్ అమ్మకానికి పెట్టాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్లలో అర్ధరాత్రి చదువులు ఆయన చలవే.

3. ఆర్డర్ చెప్పడం

మెనూలో షోయు, షియో, మిసో, టొన్‌కొత్సు అని ఉంటాయి. మొదటిది సోయా సాస్‌ది, రెండోది ఉప్పుది, మూడోది పులియబెట్టిన సోయా ముద్దది. నాలుగోది పంది ఎముకల్ని తెల్లగా చిక్కబడేదాకా గంటల తరబడి మరిగించిన చారు. ఇదంతా వెయిటర్ ఓపిగ్గా వివరించాక, ‘వీటిలో స్పైసీ ఏది అన్నా?’ అని అడగండి.

గురువారమైతే బాబా భక్తుడొకడు వెజ్ రామెన్ అంటాడు. జపాన్‌లో చాలా చారులకు ఎండబెట్టి చెక్కిన చేప పొరలే ఆధారం. ఇక్కడ ఏం వేశారో అడగకుండా ఉండటమే భక్తి.

ఆపైన అసలు మాట: ‘రెండు రామెన్, టూ బై ఫైవ్.’ వెయిటర్ ముఖం చూడొద్దు. ‘ఖాళీ గిన్నెలు మూడు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ’ అని చెప్పి మెనూ మూసేయండి.

4. చల్లార్చడం

గిన్నె వచ్చినప్పుడు పొగలు కక్కుతుంటుంది. అంచున నోరి అనే సముద్రపు నాచు ఆకు కరకరలాడుతూ నిలబడి ఉంటుంది. రెండుగా కోసిన గుడ్డులో పచ్చసొన పాకంలా మెరుస్తుంటుంది. క్షార జలంతో కలిపిన పిండి కాబట్టి నూడుల్స్ సాగుతాయి, కానీ చారులో ఉన్నకొద్దీ దాన్ని పీల్చుకుని మెత్తబడిపోతాయి. అందుకే జపాన్‌లో గిన్నె దిగీ దిగగానే తల వంచేస్తారు.

మీరు తల ఎత్తండి, ఫోన్ కూడా. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. లైటు బాలేదు, గిన్నె తిప్పండి. ఒకడు చాప్‌స్టిక్స్‌తో నూడుల్స్ పైకెత్తి పట్టుకోవాలి, ఇంకొకడు రీల్ తీయాలి. జారిపోతే మళ్లీ. నోరి ఆకు చారులోకి వాలిపోయి, పైన కొవ్వు పొర కట్టిందంటే మీ రామెన్ తయారైనట్టే.

5. తినడం

నాలుగు గుడ్డు చెక్కలు, ఐదుగురు మనుషులు. దీనికి పద్ధతి లేదు, చెయ్యి ముందెవరిదైతే వారిదే.

రామెన్‌ని చప్పుడు చేస్తూ జుర్రుకోవడమే మర్యాద. గాలి కలిసి వేడి తగ్గుతుంది, వాసన ముక్కుకు తగులుతుంది. మనకిది పుట్టుకతో వచ్చిన విద్య. అయినా, ఇంట్లో రసం దోసిట్లో పోసుకుని జుర్రేవాళ్లు కూడా ఇక్కడ పెదవి కదపకుండా తినాలి. పక్క టేబుల్‌వాళ్లు ఏమనుకుంటారు?

6. బిల్లు

ఐదు శాతం జీఎస్టీ జోలికి పోవద్దు. సర్వీస్ చార్జి మీద పడండి. దాన్ని అడక్కుండా బిల్లులో కలపకూడదని 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. గెలిచాక ఆ మిగిలిన డబ్బుతో ఐస్‌క్రీమ్ చెప్పి, దానికి మళ్లీ జీఎస్టీ కట్టండి.

ఇలా కాదు, రామెన్‌ని రామెన్‌లాగే తినాలంటారా? ఫుకువోకాలో మొదలైన ఇచిరాన్ హోటళ్లున్నాయి. మనిషికో గూడు, అటూ ఇటూ చెక్క అడ్డాలు. కావాల్సినవి కాగితం మీద గుర్తుపెట్టి ఇస్తే ఎదురుగా తెర కిందనుంచి గిన్నె వస్తుంది. మాటల్లేవు, వేడి వేడిగా తిని లేచి రావడమే. రామెన్‌కి అంతకన్నా గౌరవం లేదు. కానీ పక్కవాడి గుడ్డు లాక్కునే వీల్లేని చోటికి పనిగట్టుకుని ఐదుగురం దేనికి?