తాతగారి వేలు

మా పెదనాన్న పదో రోజున చెరువు గట్టు మీద పిండం పెట్టి గంటన్నర నిలబడ్డాం. కాకి ఎదురుగా తుమ్మ చెట్టు మీదే ఉంది. దిగదు. ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు. ఆ కోరిక ఏమిటన్నది మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా తెలిసింది. రోడ్డు పక్క ఎకరం తన పేర రాయమన్నదే అన్నయ్య ఆఖరి మాట అన్నాడు బాబాయి. తన కొడుక్కి మేనరికం ఖాయం కాలేదన్నదే అన్నయ్య బెంగ అని మేనత్త కళ్ళు తుడుచుకుంది. ఊళ్ళో కులభవనానికి చందా ఇవ్వాలని ఆయన ఎంతో తపించేవారని రసీదు పుస్తకంతో వచ్చిన పెద్దమనిషి గుర్తుచేశాడు. నాకు తెలిసి పెదనాన్న ఆఖరి ఆర్నెల్లూ నోరు తెరిచి అడిగింది ఒక్కటే, కాఫీలో ఇంకో చెంచా పంచదార. షుగరుందని ఎవరూ వేయలేదు. ఆ సంగతి గట్టు మీద ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి పిండం ఆవుకి పెట్టి ఇంటికొచ్చాం. కాకి తీరిగ్గా పక్క కుటుంబం వాళ్ళ పిండం మీద వాలింది.

అక్కడ నిలబడ్డంతసేపూ నాకు లిల్లిపుట్ సామ్రాజ్యం గుర్తొస్తూనే ఉంది.

డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్ చర్చికి డీన్‌గా ఉన్న జోనథన్ స్విఫ్ట్ 1726లో ఒక పుస్తకం వేయించాడు. తన పేరు దాచి, గలివర్ అనే ఓడ డాక్టరు రాసుకున్న యాత్రల్లాగా వేయించాడు. పెద్దవాళ్ళకి తగలాల్సిన దెబ్బ కనక పెద్దవాళ్ళు తెలివిగా దాన్ని పిల్లల పుస్తకం చేసి, రంగుల బొమ్మలు వేసి, పిల్లల చేతికిచ్చేశారు.

ఆ పుస్తకంలో లిల్లిపుట్ ఒక ద్వీపం. మనుషులు ఆరంగుళాలుంటారు. రాజ్యం చుట్టుకొలత పన్నెండు మైళ్ళు. చక్రవర్తి బిరుదావళిలో మాత్రం అది భూగోళం అంచుల దాకా పాకింది. ఆ చక్రవర్తి కొలువులో అందరికన్నా పొడుగు. ఎంత పొడుగంటే, గలివర్ గోరు వెడల్పంత. అంత తేడా చాలు, చూసినవాళ్ళకి భయభక్తులు పుట్టడానికి.

ఈ చక్రవర్తి తాత చిన్నతనంలో, అప్పటి ఆచారం ప్రకారం కోడిగుడ్డుని పెద్ద వైపున పగలగొట్టబోయి వేలు కోసుకున్నాడు. మన ఇళ్ళల్లో అయితే ఇంత పసుపు అద్ది, చూసుకుని తినాలిరా అని వీపు మీద ఒకటిచ్చేవాళ్ళు. ఆ పిల్లాడి తండ్రి చక్రవర్తి అయిపోయాడు. ఇకమీదట ప్రజలంతా గుడ్డుని చిన్న వైపునే పగలగొట్టాలి, లేదంటే కఠిన శిక్ష అని శాసనం చేశాడు.

జనం ఊరుకోలేదు. ఆరు తిరుగుబాట్లు లేచాయి. ఒక చక్రవర్తి ప్రాణం పోయింది, ఇంకొకడి కిరీటం పోయింది. చిన్న వైపు పగలగొట్టడం కన్నా చావే మేలని పదకొండు వేల మంది చచ్చారు. ఎనిమిది వందల గజాల కాలవకి అవతల ఉన్న బ్లెఫుస్కు సామ్రాజ్యం పెద్ద వైపు వాళ్ళకి ఆశ్రయమిచ్చింది. ఇంకేం, యుద్ధం. లిల్లిపుట్‌కి నలభై పెద్ద ఓడలూ, ముప్పై వేల మంది నావికులూ సైనికులూ ఖర్చయ్యారు. కోడిగుడ్డుకి ఈకలు పీకే విద్య మన సొత్తేనని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. వాళ్ళు పీకిన ఈకలతో జెండాలు కూడా కుట్టుకున్నారు.

ఇందులో నాకు ముచ్చటేసేది, రెండు పక్షాలూ పూర్వీకుల పక్షమే కావడం. ఒకరిది తాతగారి వేలి గౌరవం, రెండోవారిది తాతగారి తాతల ఆచారం గౌరవం. ఇద్దరూ నమ్మే ధర్మగ్రంథం ఏమంటుందంటే, ఎవరికి అనువైన వైపు వాళ్ళు పగలగొట్టుకోవచ్చని. దాన్ని చదివి అర్థం చేసుకోవడం అనువుగా లేక, వ్యాఖ్యానాలు వందల సంపుటాలు రాసుకున్నారు.

చనిపోయినవాళ్ళని అక్కడ తలకిందులుగా పాతిపెడతారు. పదకొండు వేల చంద్రమాసాలకి భూమి తిరగబడుతుందట. అప్పుడు లేచే పెద్దలు చక్కగా కాళ్ళ మీద నిలబడాలి కదా! ఇదంతా ఒట్టిదని పండితులు ఒప్పుకుంటారు. అయినా జనం మనసు నొప్పించడం ఎందుకని ఆచారం సాగిస్తూనే ఉంటారు. తలకిందులుగా ఉన్న తాత చెప్పే మాట మనవడికి తిన్నగా ఎలా వినిపిస్తుంది?

స్విఫ్ట్ అక్కడితో ఆగలేదు. మూడో యాత్రలో గలివర్‌ని ఇంకో ద్వీపానికి తీసుకెళ్ళాడు. దాని పేరు గ్లబ్డబ్డ్రిబ్. నోట్లో కిళ్ళీ ఉండగా పలికితే సరిగ్గా వస్తుంది. అది మాంత్రికుల ద్వీపం. అక్కడి గవర్నరు చచ్చిపోయిన ఎవరినైనా ఇరవై నాలుగు గంటల పాటు పిలిపించగలడు. పిలిస్తే వచ్చినవాళ్ళు నిజమే చెప్తారు. అబద్ధంతో ఆ లోకంలో పనేం లేదు మరి.

మొదట అలెగ్జాండర్ వచ్చాడు. నాకెవరూ విషం పెట్టలేదు, తాగుడెక్కువై జ్వరం తగిలి పోయానన్నాడు. తరవాత గలివర్ యూరప్ రాజవంశాల పెద్దల్ని వరసగా పిలిపించాడు. కిరీటాల ఊరేగింపు వస్తుందనుకుంటే, ఒక వంశంలో ఇద్దరు ఫిడేలు వాయించేవాళ్ళు వచ్చారు. ఇంకో వంశంలో ఒక మంగలి వచ్చాడు. నన్నడిగితే ఆ వంశాల్లో చేతిపని తెలిసినవాళ్ళు ఆ ముగ్గురే. పరువు పోయిందని తల దించుకోవాల్సింది వాళ్ళు కాదు. ముగ్గురు రాజులైతే, మా ఏలుబడిలో అర్హత ఉన్నవాడికి పొరపాటున తప్ప పదవి ఇవ్వలేదని ప్రమాణం చేశారు. దేశానికి నిజంగా మేలు చేసినవాళ్ళని పిలిస్తే చిరిగిన బట్టల్లో దిగాలుగా వచ్చారు. వాళ్ళలో చాలామంది పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

ఒక్కటి చూడండి. తాతలు మాట్లాడే ద్వీపంలో తాతల పేరు మీద ఒక్క యుద్ధమూ లేదు. తాత నోరు మూతపడ్డ ద్వీపంలోనే ఆయన వేలికి పదకొండు వేల తలలు.

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని మనకో సామెత ఉంది. మా ఇంటి నెయ్యి మా ముత్తాత. ఆయన ఒక తెల్లదొర చెంప పగలగొట్టారట. నా చిన్నప్పుడు ఆ దొర సబ్ కలెక్టరు. నా పెళ్ళినాటికి కలెక్టరయ్యాడు. మా అబ్బాయికి చెప్పేసరికి గవర్నరయ్యాడు. చెంపదెబ్బ తిని ఇంత వేగంగా ప్రమోషన్లు కొట్టిన అధికారి ఇంకొకరు ఉండరు.

గ్లబ్డబ్డ్రిబ్ కథ మా అబ్బాయికి చెప్పాను. వాడు హాల్లో గోడ మీది ముత్తాత ఫోటో వైపు చూసి, "నాన్నా, ఈయన్ని పిలిస్తే ఏం చెప్తారు?" అన్నాడు. కొట్టింది ఎవరు, తిన్నది ఎవరు అన్న అనుమానం నాకు అప్పుడే మొదటిసారి వచ్చింది.

పండక్కి ఫోటోకి కొత్త గంధపు దండ తెచ్చాం. పాతదానికన్నా కొంచెం పెద్దది. వేస్తే ముత్తాత నోరు కనపడ్డం లేదు. తీసి మళ్ళీ వేద్దామా అంది మా ఆవిడ. వద్దు, అలాగే గౌరవంగా ఉందన్నాను.