స్కాలర్‌షిప్‌కు తలకిందుల దారి

ముందు ర్యాంకు, తర్వాత మంచి కాలేజీ, సీటొచ్చాక స్కాలర్‌షిప్ సంగతి: ఇంట్లో పెద్దలు చెప్పే వరస ఇది. నేను తిరగేయమంటాను. తిరిగి కట్టనక్కర్లేని సర్కారు డబ్బు పేదింటి పిల్లలకు అందాలంటే డబ్బు సంగతే ముందు చూడాలి.

రిజల్ట్స్ రాకముందే బ్యాంకుకు వెళ్లండి. ఖాతాకు ఆధార్ ఇచ్చేశాం కదా అనుకోవద్దు. ఆధార్ ఇవ్వడం వేరు, చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర లింకు వేరు. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు ఆ లింకు ఏ బ్యాంకుకు ఉంటే అక్కడికే పోతుంది. కొత్త ఖాతా తెరిచి, లింకు పాతదానికే వదిలేసి, డబ్బు రాలేదని ఏడ్చే పిల్లలు ఎందరో.

కాలేజీ పేరు చూడకండి. సీటు ఏ కోటాలోదో, ఫీజెంతో చూడండి. తెలంగాణలో మేనేజ్‌మెంట్ సీటుకూ, స్పాట్ అడ్మిషన్‌కూ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కౌన్సెలింగ్‌లో వచ్చే ఇంజినీరింగ్ కన్వీనర్ సీటుకు ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు ఇస్తారు. బీసీ, ఈబీసీలకు ఏళ్లుగా ఉన్న పద్ధతి ఇది: ర్యాంకు 10,000 లోపుంటే పూర్తి ఫీజు, దాటితే 35,000 రూపాయలు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. లక్ష దాటిన ఫీజున్న కాలేజీలో మిగతాదంతా తండ్రి అప్పే. అదే ఫీజు తక్కువున్న చిన్న కాలేజీలో చేరితే ఇంటి మీద పడేది ఏటా కొన్ని వేలే. పేరు కోసం పొలం తాకట్టు పెట్టడాన్ని నేను ఒప్పుకోను. చుట్టాలు ఏమనుకుంటారో అని వెనకాడకండి, ఫీజు కట్టేది వాళ్లు కాదు.

మీ వీధిలో ఎవరూ పెట్టని స్కాలర్‌షిప్‌కే పెట్టండి. తెలంగాణ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈ-పాస్‌లో బీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు. అది దాటగానే మనకేదీ రాదని వదిలేస్తారు. కానీ సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ వారి ప్రగతి పథకానికి పరిమితి 8 లక్షలు. సాంకేతిక కోర్సులో చేరిన అమ్మాయికి ఎంపికైతే ఏటా 50,000 రూపాయలు. ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిలదాకా ఇస్తారు. ఆడపిల్లల తండ్రులారా, దయచేసి ఈ పేరు గుర్తుంచుకోండి.

అన్నిటికీ దరఖాస్తు పెట్టకండి. ఇంటర్ బోర్డులో 80వ పర్సంటైల్ దాటినవారికి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే, కేంద్రం డిగ్రీలో ఏటా 12,000 ఇచ్చే పథకం నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉంది. రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారికి అది వర్తించదు. ఏది ఎక్కువో లెక్కేసి ఒకటే పట్టుకోండి.

చివరిగా, కాలేజీ క్లర్కును విసిగించండి. ఆన్‌లైన్‌లో సబ్మిట్ కొడితే పని సగమే అయినట్టు. కాలేజీ వెరిఫై చేయకపోతే ఫారం అక్కడే ఆగుతుంది. పెండింగ్ అని కనిపించినన్నాళ్లూ వారానికోసారి వెళ్లి అడగండి. మొహమాటం వద్దు, ఆ డబ్బు మీ హక్కు. తర్వాతి ఏళ్లలో రెన్యువల్ కూడా మీరే చేసుకోవాలి, హాజరు 75 శాతానికి తగ్గితే అదీ ఆగిపోతుంది.